ప్లమ్ కేక్, గులాబీ పువ్వులు, ఆగమన దీపాలు: క్రిస్మస్ పనులు ఏది ఎప్పుడు మొదలుపెట్టాలి?

కొత్త_ఓటీజీ (ప్రశ్న)

ఈసారి కేకు బయట కొనకుండా ఇంట్లోనే చేయాలని అనుకుంటున్నాం. 28 లీటర్ల ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్), 8 అంగుళాల గుండ్రటి టిన్ను ఉన్నాయి. యూట్యూబ్‌లో ఒకరు పండ్లు మూడు నెలల ముందే నానబెట్టాలంటారు, ఇంకొకరు గంట చాలంటారు. మాది రమ్ము, బ్రాందీ ముట్టని ఇల్లు, సంఘంలో పెద్దలకు కూడా పెట్టాలి. అవి లేకుండా ఆ నల్లటి రంగు, ఆ వాసన వస్తాయా? పండ్లన్నీ అడుగుకు చేరకుండా ఏం చేయాలి?

రెండోది, గులాబీ పువ్వులు. కొత్త అచ్చు కొన్నాం, పిండి అచ్చును వదలడం లేదు.

మూడోది వంట కాదు. పిల్లలకు డిసెంబరు అంటే సెమీ క్రిస్మస్‌లు, కొత్త బట్టలు, కేకు, అంతే. పండగకు ముందు నాలుగు ఆదివారాలు ఇంట్లో ఏదైనా క్రమంగా చేయాలని ఉంది. దీపాల చక్రం, పశువుల పాక లాంటివి ఎలా చేస్తారో తెలిసినవాళ్లు చెప్పగలరా? అందరూ వివరంగా రాస్తే పుణ్యం ఉంటుంది.

వెన్న_చక్కెర

పండ్లతో మొదలుపెడదామండి, తేదీల లెక్కంతా వాటి మీదే ఉంది. మూడు నెలలు అన్నవాళ్లు మద్యంలో నానబెట్టేవాళ్లు. మద్యంలో పండు చెడదు కాబట్టి ఎంత ముందైనా వేసుకోవచ్చు. అదే పద్ధతిలో పళ్ళరసం పోసి నెల ఉంచితే పులుస్తుంది. మూత తీయగానే బుస్సుమంటుంది, పైన నురగ తేలుతుంది. ఏది వద్దనుకున్నారో అదే సీసాలో తయారైనట్టు. ‘ఓవెన్ వేడికి మద్యం మొత్తం ఎగిరిపోతుంది’ అనే మాట కూడా నమ్మకండి. గంటకు పైగా కాల్చినా కొంత మిగులుతుంది. కాల్చిన తర్వాత పైన పోస్తే అంతా అలాగే ఉంటుంది. పెద్దలకు పెట్టేదైతే రసంతోనే చేయండి.

400 గ్రాముల పండ్లకు నా లెక్క ఇది: నల్ల ఎండుద్రాక్ష 120, మామూలు కిస్‌మిస్ 80, గింజ తీసి సన్నగా తరిగిన ఖర్జూరం 80, టుట్టీఫ్రూటీ 60, చెర్రీ 30, పాకం పట్టిన కమలా తొక్క 30. వీటికి 150 మి.లీ. కమలారసం. ఎండుద్రాక్ష, ఖర్జూరం, తొక్క మాత్రమే రసంలో వేసి సన్న సెగ మీద ఐదారు నిమిషాలు ఉంచండి. రసం దాదాపు ఇంకిపోవాలి. చల్లారాక పొడి గాజుసీసాలోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టండి. రెండు రోజులు ఊరితే బాగుంటుంది, ఐదు రోజులకు మించి ఉంచొద్దు. టుట్టీఫ్రూటీ, చెర్రీ ఇందులో వేయకూడదు, ఎరుపు ఆకుపచ్చ రంగులు దిగి అంతా బురద రంగులోకి మారుతుంది. చెర్రీల జిగురు నీళ్లలో కడిగి, గుడ్డతో తుడిచి, చివర్లో పిండిలో కలపండి.

కమలా తొక్క కొననక్కర్లేదు. డిసెంబరులో నాగపూర్ కమలాలు ఎలాగూ వస్తాయి. తొక్కను బాగా కడిగి, సన్నగా తరిగి, మరిగే నీళ్లలో ఐదు నిమిషాలు ఉడికించి ఆ నీళ్లు పారబోయండి. ఇలా మూడుసార్లు చేయాలి, లేకపోతే కేకంతా చేదెక్కుతుంది. ఆ తర్వాత తొక్క బరువుకు సమానంగా చక్కెర, అందులో సగం నీళ్లు పోసి తొక్క అద్దంలా అయ్యేదాకా సన్న సెగ మీద ఉడకనివ్వండి. 20 నిమిషాల పైనే పడుతుంది.

నల్ల రంగు సంగతి. బేకరీ కేకు రంగు మద్యంతో వచ్చేది కాదు, కాల్చిన చక్కెరతో వచ్చేది. మందపాటి గిన్నెలో 100 గ్రాముల చక్కెర, నీళ్లు లేకుండా, మధ్య సెగ మీద కరగనివ్వండి. ముందు తేనె రంగు, తర్వాత రాగి రంగు, ఆ తర్వాత ముదురు గోధుమ రంగు వస్తుంది. సన్నగా పొగ మొదలైన క్షణంలో పొయ్యి ఆపి, 80 మి.లీ. వేడి నీళ్లు అంచు వెంబడి కొద్దికొద్దిగా పోయండి. ముఖం దూరంగా పెట్టుకోండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు, అది ఎగిరి పడితే నూనె కంటే ఘోరంగా కాలుతుంది. చన్నీళ్లు పోస్తే గడ్డకట్టి ఇంకా ఎక్కువగా చిందుతుంది. పూర్తి నల్లగా మారేదాకా ఆగితే చేదే మిగులుతుంది, దాన్ని ఏ చక్కెరా కప్పలేదు, పారబోసి మళ్లీ చేసుకోవడమే.

ఇక పిండి. ఉప్పులేని వెన్న 200 గ్రాములు, పొడి చేసిన బెల్లం చక్కెర గానీ మామూలు చక్కెర గానీ 150, మైదా 220, గుడ్లు 4, బేకింగ్ పౌడర్ ఒక చిన్న చెంచా, చిటికెడు ఉప్పు, జీడిపప్పు ముక్కలు 75. మసాలాకు ఒకటిన్నర అంగుళం దాల్చినచెక్క, 5 లవంగాలు, 3 యాలకులు, పావు చెంచా శొంఠి, కాస్త జాజికాయ తురుము. వీటిని ఒక చెంచా చక్కెరతో కలిపి మిక్సీలో వేస్తే మెత్తగా నలుగుతాయి. కప్పు కొలతలు వద్దు. ఒకే కప్పులో మైదా నింపే తీరును బట్టి 120 నుంచి 150 గ్రాముల దాకా పడుతుంది. కేకులో ఆ తేడా చాలా ఎక్కువ. వంటింటి చిన్న తక్కెడ కొనుక్కుంటే సగం గొడవలు పోతాయి.

వెన్న వేలితో నొక్కితే గుంట పడాలి గానీ కరిగి ఉండకూడదు. కోస్తాలో అరగంట బయట పెడితే చాలు, హైదరాబాద్‌లో చలి రోజుల్లో ఉదయం గంటన్నరైనా పట్టొచ్చు. వెన్న, చక్కెర బీటరుతో ఐదారు నిమిషాలు గిలక్కొడితే రంగు తెల్లబడుతుంది. కేకు పొంగేది ముఖ్యంగా ఈ గాలి వల్లే, బేకింగ్ పౌడర్ తోడు మాత్రమే. గుడ్లు ఒక్కొక్కటే వేయండి. ఫ్రిజ్‌లోంచి తీసినవి నేరుగా వేస్తే మిశ్రమం విరిగినట్టు అవుతుంది, అప్పుడు ఒక చెంచా మైదా వేసి కొడితే కలిసిపోతుంది. చల్లారిన కారమెల్, అంటే పైన చెప్పిన కాల్చిన చక్కెర పాకం, ఇప్పుడు వేయాలి. గోరువెచ్చగా ఉన్నా వెన్న కరిగి గాలంతా పోతుంది, జాగ్రత్త. ఆ తర్వాత జల్లించిన మైదా, బేకింగ్ పౌడర్, మసాలా గరిటెతో కలపండి, బీటరు పక్కన పెట్టేయండి.

పండ్లు అడుగుకు చేరడం గురించి. అందరూ ‘మైదాలో పొర్లించండి’ అంటారు. పొర్లించండి, నష్టం లేదు, కానీ అసలు కారణం పిండి పలచగా ఉండటం, పండ్లు తడిగా ఉండటం. సరైన పిండి ఇడ్లీ పిండి కంటే గట్టిగా, గారెల పిండి కంటే కాస్త పలచగా ఉండి, గరిటె నుంచి ముద్దగా పడుతుంది. పలచటి పిండిలో మైదా పూసిన ద్రాక్ష కూడా మునిగేదే. పండ్లను జల్లెడలో పది నిమిషాలు వడకట్టి, కొలిచిన మైదాలోంచే రెండు చెంచాలు తీసి పూయండి. అదనంగా మైదా వేస్తే కేకు పొడిబారుతుంది.

టిన్నుకు అడుగున, పక్కలా రెండేసి పొరలు బటర్ పేపరు పెట్టండి, పక్కల కాగితం టిన్నుకు అంగుళం పైకి ఉండాలి. పాత పుస్తకాల్లో టిన్ను చుట్టూ న్యూస్‌పేపరు కట్టమని ఉంటుంది. ఓటీజీలో అది వద్దు, రాడ్లు దగ్గరగా ఉంటాయి, అంటుకుంటుంది. ఓవెన్ 15 నిమిషాలు వేడెక్కాక టిన్ను మధ్యభాగం ఓవెన్ మధ్యకు వచ్చేలా కింది అరలో పెట్టి 150 డిగ్రీల దగ్గర 80 నుంచి 95 నిమిషాలు కాల్చండి. మొదటి 50 నిమిషాలు తలుపు తీయకూడదు. 75వ నిమిషం నుంచి పుల్ల గుచ్చి చూడండి. పొడి రేణువులు అంటితే ఫర్వాలేదు, తడి పిండి అంటితే ఇంకా ఉండాలి.

టిన్నులోనే పూర్తిగా చల్లారనివ్వండి. సమాన చక్కెర, నీళ్లు మరిగించిన పాకం మూడు చెంచాలు పైన బ్రష్‌తో పూయండి. పచ్చి కమలారసం పూస్తే బూజు తొందరగా వస్తుంది. ముందు బటర్ పేపరులో, దాని పైన ఫాయిల్‌లో చుట్టండి. పండ్ల పులుపు తగిలితే ఫాయిల్‌కు చిల్లులు పడతాయి, అందుకే నేరుగా చుట్టరు. రెండు రోజుల తర్వాత కోస్తే మసాలా, పండు బాగా కలిసి ఉంటాయి. రసంతో చేసింది డిసెంబరు చలిలో బయట ఐదారు రోజులు, ఫ్రిజ్‌లో రెండు వారాలు ఆగుతుంది. కాబట్టి 18న పండ్లు నానబెట్టి, 21న కాల్చి, 24న కోయండి.

ఒక చిన్న మాట. ఇందులో ప్లమ్ పండు ఎందుకు లేదని పిల్లలు అడుగుతారు. పాత ఇంగ్లీషులో ఎండుద్రాక్షనే ప్లమ్ అనేవాళ్లు, పేరు అలా మిగిలింది.

పాత_అచ్చు

పై వారు కేకు చెప్పేశారు, నేను గులాబీ పువ్వులు మాత్రం చెప్తా. కేరళలో దీన్నే అచ్చప్పం అంటారు.

కొత్త అచ్చు వదలకపోవడం మామూలే. దాన్ని ముందు మచ్చిక చేసుకోవాలి. సబ్బుతో ఒక్కసారి కడిగి, రాత్రంతా గంజిలో ఉంచండి. తెల్లారి తుడిచి, ఆరబెట్టి, ఇంకో రాత్రి నూనెలో ముంచి ఉంచండి. వాడే రోజు కాగుతున్న నూనెలో పది నిమిషాలు అలాగే వదిలేయండి. మొదటి నాలుగైదు పువ్వులు పుల్లతో తోసి తీయాల్సిందే, ఆ తర్వాత వాటంతట అవే జారతాయి. పండగయ్యాక మళ్లీ సబ్బు పెట్టొద్దు, వేడిగా ఉండగానే గుడ్డతో తుడిచి నూనె రాసి కాగితంలో చుట్టండి.

పిండికి: మైదా ఒక గ్లాసు, పొడి బియ్యప్పిండి ఒక గ్లాసు, చక్కెర పొడి ముప్పావు గ్లాసు, గుడ్డు ఒకటి, చిక్కటి కొబ్బరిపాలు సుమారు ఒక గ్లాసు, ఉప్పు చిటికెడు, నువ్వులు ఒక చెంచా, యాలకుల పొడి. కొబ్బరిపాలు ఒకేసారి పోయొద్దు. గరిటె జారుగా రావాలి, దోసె పిండి కంటే కొంచెం పలచన. ఉండలు లేకుండా వడకట్టి అరగంట పక్కన పెట్టండి. నువ్వులు వడకట్టాకే వేయాలి, లేదంటే జల్లెడలో ఉండిపోతాయి.

అసలు కిటుకు అచ్చు వేడిలో ఉంది. అచ్చు చల్లగా ఉంటే పిండి పట్టదు. మరీ కాలిపోతుంటే ముంచగానే ‘చుయ్’మని పిండి ఉడికి జారి గిన్నెలోనే పడుతుంది. నూనెలోంచి తీశాక రెండు సెకన్లు విదిలించి, అప్పుడు ముంచండి. అచ్చు ఎత్తులో ముప్పావు వంతే మునగాలి. పైఅంచు దాటి పిండి ఎక్కిందా, అది అచ్చును గట్టిగా పట్టేసుకుంటుంది, ఇక దేవుడు దిగొచ్చినా రాదు. మీది వదలకపోవడానికి పది సార్లలో ఏడు సార్లు ఇదే కారణం. పిండి తక్కువైనప్పుడు వెడల్పు గిన్నె వదిలి లోతైన చిన్న గిన్నెలోకి మార్చండి.

నూనె 170, 180 డిగ్రీల మధ్య ఉండాలి. థర్మామీటరు లేకపోతే ఒక చుక్క పిండి వేసి చూడండి, అడుక్కి వెళ్లి వెంటనే పైకి తేలాలి. ముంచిన అచ్చును నూనెలో పట్టుకుని పది సెకన్లు ఆగి మెల్లగా ఊపితే పువ్వు విడిపోతుంది. విడిపోకపోతే కంగారుపడి గట్టిగా కొట్టకండి, ఇంకో ఐదు సెకన్లు ఆగండి. బుడగలు తగ్గాక తిప్పి, లేత బంగారు రంగులో తీసేయండి, బయటికి వచ్చాక రంగు ఇంకొంచెం ముదురుతుంది. ప్రతి రెండు పువ్వులకూ పిండి కలపాలి, బియ్యప్పిండి అడుక్కి దిగుతూ ఉంటుంది.

చక్కెర ఎక్కువైతే పువ్వు అచ్చుకు అంటుకుంటుంది, బయట ముదిరిపోయి లోపల మెత్తగా ఉంటుంది. మరునాటికి మెత్తబడితే నూనె వేడి చాలలేదని, లేదా చల్లారకముందే డబ్బాలో పెట్టారని అర్థం.

కల్‌కల్స్ అని గోవా వాళ్లవి చేస్తుంటారు, మీరూ చేయాలనుకుంటే కొత్తగా నేర్చుకునేదేం లేదు. మన గవ్వలే అవి. గవ్వల చెక్క ఉంటే చాలు.

గుడ్డు_వద్దు

గులాబీ పువ్వులకు గుడ్డు తప్పనిసరి కాదండి. గుడ్డు తీసేసి కొబ్బరిపాలు ఇంకో పావు గ్లాసు, మైదా రెండు చెంచాలు పెంచితే చాలు, కాస్త ఎక్కువ పెళుసుగా వస్తాయి.

కేకులో మాత్రం గుడ్డు తీసేసి మిగతా కొలతలు అలాగే ఉంచితే ఇటుకే. పక్కింటి శాకాహారులకు పంచాలంటే దాని కొలత వేరు: కండెన్స్‌డ్ మిల్క్ 200 గ్రాములు, వెన్న 100, మైదా 180, పైన చెప్పిన కారమెల్ 80 మి.లీ., పాలు 80 మి.లీ., బేకింగ్ పౌడర్ ఒక చెంచా, వంటసోడా అర చెంచా, వెనిగర్ రెండు చెంచాలు. అదనపు చక్కెర వద్దు. పండ్లు 250 గ్రాములకు మించకూడదు, గుడ్డు లేని కేకుకు పట్టు తక్కువ, బరువు మోయలేక మధ్యలో కుంగుతుంది. వెనిగర్ చివర్లో కలిపి ఆలస్యం చేయకుండా ఓవెన్‌లో పెట్టాలి, గ్యాస్ అప్పటికే పుడుతూ ఉంటుంది. 7 అంగుళాల టిన్నులో 160 డిగ్రీల దగ్గర 55 నుంచి 65 నిమిషాలు.

ఓవెన్ లేనివాళ్లు కుక్కరులో ఇసుకో ఉప్పో పోసి చేస్తారు. విజిల్, గ్యాస్కెట్ తీసేయాలి, నీళ్లు పోయకూడదు. పాత మందపాటి అల్యూమినియం గిన్నె ఉంటే అది వాడటం మేలు, రోజూ వాడే కుక్కరును ఖాళీగా గంటన్నర కాల్చడం దానికి మంచిది కాదు. ఇంకో దారి కూడా ఉంది. సికింద్రాబాద్‌లో కొన్ని పాత బేకరీలు ఇంటి నుంచి తెచ్చిన సామానుతో కేకు కాల్చి ఇస్తాయి. వెళ్లేముందు మీ పేరు రాసిన చీటీ టిన్ను మీద అతికించండి, డిసెంబరు రద్దీలో టిన్నులు తారుమారవుతాయి.

నాలుగో_దీపం

మూడో ప్రశ్నను ఎవరూ ముట్టలేదు కాబట్టి రాస్తున్నా.

క్రిస్మస్‌కు ముందున్న నాలుగు ఆదివారాలు ఆగమన కాలం. మొదటి ఆదివారం నవంబరు 30కి దగ్గరగా ఉండేది, అంటే నవంబరు 27కూ డిసెంబరు 3కూ మధ్య వస్తుంది. 2026లో నవంబరు 29. ఇది ఎదురుచూసే కాలం, సంబరం చేసుకునే కాలం కాదు. అసలు క్రిస్మస్ కాలం 25న మొదలై జనవరి 6, అంటే జ్ఞానులు బాలయేసును చూడవచ్చినదాన్ని తలచుకునే ప్రత్యక్షత పండగ వైపుగా సాగుతుంది. మన దగ్గర ఇది తలకిందులైంది. డిసెంబరు ఒకటి నుంచి ఇరవై దాకా రోజుకో చోట సెమీ క్రిస్మస్, ప్రతిచోటా కేకు కోత. 25 వచ్చేసరికి పిల్లలకు కేకు మొహం మొత్తుతుంది, 26న నక్షత్రం దించేస్తారు. సెమీ క్రిస్మస్ తప్పని నేను అనను, ఆఫీసుల్లో, బడుల్లో అందరూ కలిసేది అప్పుడే. ఇంట్లో మాత్రం కేకును 24 రాత్రి ఆరాధన దాకా కోయకుండా ఉంచి చూడండి. పిల్లలు రోజుకు పదిసార్లు డబ్బా వైపు చూస్తారు. ఆ చూపులో ఉన్న ఎదురుచూపు గురించే ఆ నాలుగు వారాలూ.

దీపాల చక్రం అలవాటు జర్మనీ లూథరన్లది, ప్రొటెస్టెంట్లలో అదొక శాఖ. హాంబర్గ్‌లో అనాథ పిల్లల ఆశ్రమం నడిపిన యోహాన్ హిన్రిష్ విషెర్న్ 1839లో బండిచక్రం మీద కొవ్వొత్తులు పెట్టాడు. పండగ ఎప్పుడొస్తుందని పిల్లలు రోజూ అడుగుతుంటే, రోజుకొకటి వెలిగిస్తూ లెక్క చూపించడానికి. ఆదివారాలకు పెద్ద తెల్లవి, మామూలు రోజులకు చిన్న ఎర్రవి. ఇప్పుడు మనం చూసేది దాని కుదించిన రూపం. గుంటూరు ప్రాంతానికి లూథరన్ మిషన్ 1842లో హేయర్ అనే మిషనరీతో వచ్చింది, అక్కడి సంఘాలకు ఈ అలవాటు పరాయిది కాదు.

చేయడం తేలిక. పెద్ద స్టీలు పళ్లెంలో రెండు అంగుళాల మందాన తడి ఇసుక పోయండి. చుట్టూ నాలుగు కొవ్వొత్తులు, మధ్యలో ఒక తెల్లది గుచ్చండి. చుట్టూ మూడు ఊదా, ఒకటి గులాబీ రంగు. గులాబీ రంగుది మూడో ఆదివారానికి. ఊదా దొరక్కపోతే నాలుగూ తెల్లవి పెట్టి రంగు రిబ్బను కట్టండి. ప్లాస్టిక్ ఆకులు, దూది మంచు దీపాల దగ్గర వద్దే వద్దు. సరుగుడు కొమ్మలు బాగుంటాయి కానీ నాలుగైదు రోజుల్లో ఎండి భగ్గుమంటాయి, వారం వారం మార్చాలి. నిరీక్షణ, సమాధానం, ఆనందం, ప్రేమ అని వారానికో పేరు చెబుతారు. మొదటి వారం ఒకటి, రెండో వారం రెండు, ఇలా పెరుగుతుంది. మొదటి కొవ్వొత్తి నాలుగు సార్లు వెలుగుతుంది కాబట్టి అది పొడుగ్గా ఉండాలి, అన్నీ ఒకే ఎత్తువి కొంటే నాలుగో వారానికి మొదటిది ఉండదు. చదవడానికి యెషయా 9, మీకా 5, లూకా 1, మత్తయి 1 అధ్యాయాల్లోంచి చిన్న భాగాలు చాలు. పది నిమిషాలు దాటితే పిల్లలు ఆవలిస్తారు. మధ్య తెల్లది 24 రాత్రి, అప్పుడు లూకా 2.

పశువుల పాకకు మూలం 1223లో ఇటలీలోని గ్రెచ్చోలో అస్సీసీ ఫ్రాన్సిస్ చేసిన ఏర్పాటు. అక్కడ నిజమైన ఎద్దు, గాడిద, గడ్డి పెట్టించాడు. ఇంట్లో చేసేటప్పుడు వరిగడ్డి కప్పు, వెదురు పుల్లలు, మట్టి బొమ్మలు చాలు. తొట్టిలో బాలయేసు బొమ్మను ముందే పెట్టేయకండి, 24 అర్ధరాత్రి పెట్టించండి, ఇంట్లో అందరికంటే చిన్నవాళ్ల చేత. జ్ఞానుల బొమ్మలను ఇంటి ఇంకో మూల నుంచి రోజూ కొంచెం జరుపుతూ జనవరి 6కి చేర్చండి. పాక చుట్టూ పచ్చిక కావాలంటే కొబ్బరిపీచు పొడిలో రాగులు చల్లి రోజూ తడి చేస్తే ఎనిమిది, పది రోజుల్లో రెండు అంగుళాలు లేస్తుంది. 14న చల్లితే సరిపోతుంది. గడ్డి ఉన్నచోట పాత బల్బుల తోరణం పెట్టొద్దు, చిన్న ఎల్‌ఈడీలే.

నక్షత్రం కూడా ఇంట్లో కట్టొచ్చు. మూడడుగుల వెదురు బద్దలు పది. ఐదింటితో ఒక నక్షత్రం, ఐదింటితో ఇంకొకటి, బద్దలు దాటుకునే ప్రతి చోటా పురికొస ముడి వేయాలి. రెండింటినీ ఒకదానిపై ఒకటి పెట్టి ఐదు కొనలూ కట్టేశాక, లోపలి ఐదు మూలల్లో అరడుగు పుల్లలు అడ్డం పెట్టి ఎడం చేయండి, అప్పుడే బొజ్జ వస్తుంది. రంగు కాగితం మైదా జిగురుతో. లోపల 7 వాట్ల ఎల్‌ఈడీ చాలు, పైకొన దగ్గర చిన్న సందు వదలండి.

పంచే సంగతి ఒకటి చెప్పాలి. పండగ అర్థం ఏమిటని పిల్లలు అడిగితే ప్రసంగం చెప్పే బదులు, కేకు కోసేటప్పుడు మొదటి ముక్కలు ఎవరికి వెళ్తాయో చూపించండి. లూకా సువార్తలో వార్త ముందు తెలిసింది రాత్రివేళ మందకు కావలి ఉన్న కాపరులకు. రాత్రి పని చేసేవాళ్లు మన వీధిలోనూ ఉన్నారు: వాచ్‌మన్, పారిశుద్ధ్య కార్మికులు, ఆస్పత్రి ఆయాలు. మెదక్ చర్చి ప్రతిష్ఠ జరిగింది 1924 డిసెంబరు 25న. దాని కట్టడం సాగిన పదేళ్లలో కరువు బాధితులకు పని, కూడు దొరికాయని ఆ ఊరు ఈనాటికీ చెప్పుకుంటుంది. పెద్ద గోపురం చూపించి పిల్లలకు చెప్పాల్సింది ఆ కూలి మాటే.

పాత_అచ్చు

పంచే మాట వచ్చింది కాబట్టి లెక్క చెప్తా. వెన్న_చక్కెర గారు చెప్పిన కొలత కేకు దాదాపు 1,300 గ్రాములు వస్తుంది, 24 ముక్కలు సరిగ్గా పడతాయి. క్యారల్స్ బృందం ఒక్కటొస్తేనే ముప్పై మంది. వాళ్లకు కేకు పెట్టాలని చూస్తే మీ ఇంట్లో వాళ్లకు మిగలదు. వాళ్లకు జంతికలు, గవ్వలు, టీ పెట్టండి, రాత్రంతా తిరిగి తీపి తిని తిని ఉంటారు, కారమే అడుగుతారు. అరిసెలు సంక్రాంతికి వదిలేయండి, మూడు వారాల్లో మళ్లీ చేయాలి కదా.

కేకు ఫ్రిజ్‌లో రెండు గంటలు పెట్టి, రంపపు పళ్ల చాకుతో కోయండి. ప్రతి కోతకూ తడిగుడ్డతో చాకు తుడిస్తే ముక్క విరగదు.

కొత్త_ఓటీజీ

అందరికీ చాలా థాంక్సండి. ముందుగా సగం కొలతతో ఒకటి చేసి చూశాం. 150 పెట్టాం, 50 నిమిషాలకే పైన నల్లబడి పగిలింది, మధ్యలో జిగురుగా ఉంది. పండ్లు మాత్రం మునగలేదు. తప్పెక్కడ?

వెన్న_చక్కెర

పండ్లు మునగలేదంటే పిండి సరిగ్గానే కలిపారు, తప్పు ఓవెన్‌లో ఉంది. ఓటీజీ నాబ్ 150 చూపిస్తే లోపల 170, 180 ఉండటం మామూలే. ఓవెన్ థర్మామీటరు ఒకటి కొని లోపల వేలాడదీయండి, నాబ్‌ను నమ్మకండి. పైన ముందే గట్టిపడి, లోపలి పిండి తర్వాత పొంగితే పైపొర పగులుతుంది. మీకు జరిగింది అదే.

మీ ఓవెన్‌లో పై రాడ్డు, కింది రాడ్డు విడివిడిగా వేసే వీలుంటే మొదటి 40 నిమిషాలు కిందిది మాత్రమే వేయండి, తర్వాత రెండూ. లేదంటే టిన్ను ఇంకో అర కిందికి దించి, 45వ నిమిషంలో పైన ఫాయిల్‌ను వదులుగా కప్పండి. తలుపు 50 నిమిషాల దాకా తీయొద్దన్నాను కానీ పైన నల్లబడుతుంటే ఈ ఒక్కసారి తీయక తప్పదు, పది సెకన్లలో మూసేయండి. సగం కొలతకు 8 అంగుళాల టిన్ను వెడల్పు ఎక్కువ, 6 అంగుళాలది వాడాల్సింది. పలచగా పరుచుకున్నా లోపల ఉడకలేదంటే వేడి ఎంత ఎక్కువగా ఉందో చూడండి.

ఆ కేకు పారేయకండి. నల్లబడిన పైపొర కోసేసి, మిగతాది అంగుళం ముక్కలుగా కోసి 140 దగ్గర 20 నిమిషాలు మళ్లీ పెడితే జిగురు పోయి రస్క్‌లా తినడానికి బాగుంటుంది. అసలు కేకు చేసే రోజు పిండి కలపకముందే ఖాళీ ఓవెన్ అరగంట వెలిగించి, థర్మామీటరు 150 చూపించినప్పుడు నాబ్ ఎక్కడుందో స్కెచ్ పెన్నుతో గీత పెట్టుకోండి.